ఎలుక కొరికిన పుట్టు వెంట్రుకలు

ముందే చెబుతున్నాను, ఇది నా కోపం కథ. ఆ కోపంలో నేను చేసిన ఒక్క పని వల్ల ఒక కార్తీక మాసంలో మా ఇంటి పరువు తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగింది. అమ్మవారి మొక్కు ఒకటి తలకిందులైంది. ఏ పాపమూ ఎరగని డాక్టరు గారొకాయన సూది చేత్తో పట్టుకుని బిక్కమొహం వేశారు. ఇదంతా జరిగి ఇన్నేళ్ళయినా నా కోపం మాత్రం పూర్తిగా చల్లారలేదు. "ఈవిడకి ఇంత కోపం ఏంటి?" అని మధ్యలో మీకనిపిస్తే, మూడేళ్ళు నిండని పిల్లాడికి భుజాల దాకా పెరిగిన ఉంగరాల జుట్టుని ఒక్క పూట దువ్వి చూడండి. తర్వాత మాట్లాడుకుందాం.

మా వంశీ పుట్టగానే పచ్చకామెర్లని ఆసుపత్రిలో నీలం లైటు కింద పడుకోబెట్టారు. రేపల్లె నుంచి పరుగెత్తుకొచ్చిన మా అత్తగారు అద్దంలోంచి వాణ్ణి చూసి అక్కడే చేతులు జోడించారు. "తల్లీ, నా మనవడు క్షేమంగా ఇంటికొస్తే కత్తెర తగలని పుట్టు వెంట్రుకలు నీకిచ్చుకుంటాను" అని వాళ్ళ ఇలవేల్పు అమ్మవారికి మొక్కుకున్నారు. వాడు క్షేమంగా ఇంటికొచ్చాడు. అమ్మవారు తన వంతు పని చేసేసింది. మిగిలిన పని చెయ్యాల్సింది మా ఆయన. అక్కడే వచ్చింది తంటా.

పుట్టు వెంట్రుకలు తీయించాలంటే బేసి నెలైనా కావాలి, బేసి సంవత్సరమైనా కావాలి. మేనమామ పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి మూడు కత్తెర్లూ తనే వెయ్యాలి. తొమ్మిదో నెలలో ఆఫీసులో సెలవు దొరకలేదన్నారు మా ఆయన. పదకొండో నెలలో వాళ్ళ పెదనాన్న గారు పోయారు, ఏడాది దాకా శుభకార్యాల్లేవన్నారు. ఏడాది తిరిగేసరికి మూఢం వచ్చింది. మూఢం వెళ్ళేసరికి ఆయన మర్చిపోయారు. అవునండీ, మర్చిపోయారు! కన్నకొడుకు నెత్తిన అడవి పెరుగుతూ రోజూ కళ్ళ ముందు తిరుగుతుంటే ఒక మనిషి ఎలా మర్చిపోగలడో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

ఆ అడవిని కాపాడే ఉద్యోగం నాది. పప్పన్నం ముద్ద వాడి నోట్లోకి సగం, జుట్టులోకి సగం వెళ్ళేది. తలంటు రోజు వాడు పెట్టే కేకలకి కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు పిన్నిగారు మెట్లెక్కి వచ్చేవారు.

"ఏంటమ్మాయ్, పసివాణ్ణి కొడుతున్నావా?"

"లేదండీ పిన్నిగారూ, దువ్వుతున్నాను."

"దువ్వితే ఇంత ఏడుస్తారా ఎవరైనా?"

"మీరు దువ్వండి, చూద్దాం!" అని దువ్వెన చేతికిచ్చాను ఒకసారి. ఆవిడకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

బజారుకి తీసుకెళ్తే ఇంకో బాధ. కళ్ళలో జుట్టు పడకుండా రెండు పిలకలు వేసేదాన్ని. కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి టిక్కెట్టు కొట్టే కండక్టరు దాకా అందరికీ వాడు పాపే.

"పాప పేరేంటమ్మా?"

"వంశీ అండి. బాబు."

"బాబా? మరి పిలకలేంటమ్మా? పుట్టెంట్రుకలు ఇంకా తీయించలేదా? ఎప్పుడు తీయిస్తారు?"

ఈ ప్రశ్న నన్నెందుకు అడగాలి? పక్కనే చేతులు ఊపుకుంటూ నడిచే ఆయన్ని అడగొచ్చుగా! అడగరు. ఊరందరి సలహాలూ తల్లికే.

అలా ఈడ్చి ఈడ్చి మూడో ఏడు చివరికొచ్చింది. కార్తీకం దాటితే వాడికి మూడేళ్ళు నిండి నాలుగో ఏడు పడుతుంది. నాలుగు సరి సంఖ్య. ఇక తీయించాలంటే ఐదో ఏడు రావాలి. ఈ లెక్క విన్న రోజున నాకు కళ్ళు తిరిగాయి. ఇంట్లో గిన్నెలు కొంచెం గట్టిగా చప్పుడు చేశాను. ఆ చప్పుడికి మా ఆయన రేపల్లెకి ఫోన్ చేశారు, మా అత్తగారు పూజారి గారిని అడిగారు, నాగుల చవితి తర్వాత వచ్చే ఆదివారానికి ముహూర్తం కుదిరింది. బాపట్లలో ఉండి కర్లపాలెం దగ్గర బడిలో పాఠాలు చెప్పే మా తమ్ముడు రవి కూడా వస్తానన్నాడు. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

నాగుల చవితి వచ్చింది. ఉపవాసం ఉండి, పొద్దున్నే పిల్లాణ్ణి చంకనేసుకుని కాలవ గట్టున పుట్టకి వెళ్ళి పాలు పోసి, వాడి చెవులకి పుట్టమన్ను పెట్టి ఇంటికొచ్చాను. కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆకలి మీద నాకు కోపం ఇంకో రెండు మెట్లు ఎక్కువ, ఆ విషయం మా వీధిలో అందరికీ తెలుసు. నైవేద్యం పళ్ళెం బల్ల మీద పెట్టి, తడిచిన చీర మార్చుకుని వచ్చేసరికి పళ్ళెం లేదు, పిల్లాడూ లేడు.

మంచం కిందకి వంగి చూశాను. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి, మెత్తటి చలిమిడి, రెండూ కలిపి రెండు చేతులతో తలకి పట్టిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"తలంటు" అన్నాడు. నేను చేసినప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు, చిమ్మిలితో మాత్రం హాయిగా చేసుకుంటున్నాడు.

బయటికి లాగి చూస్తే అప్పటికే గోడ వారనుంచి చీమలు బారు కట్టి వస్తున్నాయి. వాటికి కబురెవరు పంపుతారో గానీ నిమిషాల్లో వచ్చేస్తాయి. నీళ్ళు పోస్తే బెల్లం కరిగింది, చలిమిడి ఇంకా గట్టిగా అంటుకుంది. దువ్వెన పళ్ళు రెండు విరిగాయి. వాడి ఏడుపు ఒకవైపు, నా ఆకలి ఒకవైపు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది.

"ఇదిగో, చిన్న మార్పు" అన్నారు మా ఆయన ఆఫీసు నుంచి.

"ఏం మార్పు?"

"రవికి ట్రైనింగు పడిందట. ఆదివారం రాలేడట. మేనమామ లేకుండా బాగోదు కదా! అమ్మకి నేను నచ్చజెబుతాలే. ఐదో ఏడు దర్జాగా చేద్దాం."

"ఐదో ఏడా?"

"ఆఁ. ఇన్నాళ్ళు ఆగాం, ఇంకో రెండేళ్ళు ఆగలేమా?"

మీరే చెప్పండి. ఆగాం అట, ఆగాం! ఆగింది ఎవరు? ఆయన చొక్కా నలక్కుండా ఆఫీసుకెళ్ళి కూర్చున్నారు, ఇక్కడ నేను చీమలతో యుద్ధం చేస్తున్నాను. ఫోన్ పెట్టేసిన చప్పుడుకి పిల్లాడు ఏడుపు ఆపేశాడు. నేరుగా కుట్టుమిషను సొరుగు దగ్గరికి వెళ్ళి కత్తెర తీశాను. రెండేళ్ళా? రెండు నిమిషాలు చాలు నాకు!

ముందు నుదుటి మీద చలిమిడి అంటుకున్న పాయ ఒక్కటే కత్తిరించాను. నిజంగా అంతవరకే అనుకున్నాను. తీరా చూస్తే దాని వెనక పాయలోనూ చీమలున్నాయి. అదీ తీశాను. కుడి పక్క తగ్గింది కదా అని ఎడమ పక్క తీశాను. ఎడమ పక్క కాస్త ఎక్కువ పోయింది, మళ్ళీ కుడి పక్కకి వచ్చాను. వాడు చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వుతూ తల అటూ ఇటూ ఊపుతున్నాడు. నాకూ కోపంలో ఊపొచ్చింది, ఆపితే ఒట్టు. చివరికి ఆగి చూసేసరికి వాడి తల మేక మేసిన గోంగూర మడిలా ఉంది. కత్తిరించినదంతా ఊడ్చి, చీమలతో సహా పాత పేపర్లో చుట్టి, మేడ మీద నుంచి వీధి కాలవలోకి విసిరేశాను. చేతులు దులుపుకున్నాను. ఎంత హాయిగా ఉందో!

ఆ హాయి కాఫీ పెట్టుకునేంత సేపు కూడా నిలవలేదు. ఫోన్ మళ్ళీ మోగింది.

"శుభవార్త!" అన్నారు మా ఆయన. "రవి పైవాళ్ళతో మాట్లాడుకున్నాడట. ట్రైనింగు ఇంకో బ్యాచ్‌కి మార్చారట. ఆదివారం ముహూర్తం ముహూర్తమే. శనివారం పొద్దున్న పాసింజర్‌కి రేపల్లె వెళ్దాం. అమ్మ ఎంత సంబరపడుతోందో! ఏంటి, మాట్లాడవు? ఆనందంతో నోట మాట రావట్లేదా?"

నోట మాట రాని మాట నిజం. ఫోన్ వదిలేసి మెట్లు దిగి వీధి కాలవ దగ్గరికి పరుగెత్తాను. కర్ర పుల్లతో కాలవలో కెలుకుతుంటే పిన్నిగారు గుమ్మంలోకొచ్చారు.

"ఏం పోయిందమ్మాయ్?"

"చెవి కమ్మండి" అనేశాను.

"అయ్యో, బంగారం కమ్మే!" అని ఆవిడ వీధంతా వినిపించేలా అరిచారు. పక్కింటి వాళ్ళు వచ్చారు, ఎదురింటి వాళ్ళు వచ్చారు, ఒకాయన పంచె ఎగ్గట్టి కాలవలోకే దిగాడు. నా రెండు కమ్మలూ నా రెండు చెవులకీ తళతళలాడుతున్నాయి. కొంగు చెవుల మీదుగా కప్పుకుని నేనూ వాళ్ళతో కలిసి వెతికాను. పేపరు పొట్లం మాత్రం ఎప్పుడో కొట్టుకుపోయింది. ఎవరో పెద్దావిడ "పోనీలేమ్మా, మీ ఆయన మళ్ళీ చేయిస్తాడులే" అని ఓదార్చింది. ఆయన పేరెత్తేసరికి నాకు ఇంకా మండింది.

సాయంత్రం ఇంటికొచ్చిన ఆ మనిషి పిల్లాణ్ణి చూసి ఏం చేశారనుకున్నారు? నవ్వారు. గోడకి చేరగిలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"నవ్వుతారేంటండీ! అత్తయ్యకేం చెప్పాలి?"

"నాకేం తెలుసు? కత్తిరించిన వాళ్ళే చెప్పుకోవాలి. అప్పటిదాకా ఉన్ని టోపీ పెట్టు" అని మళ్ళీ నవ్వు.

శనివారం పాసింజరులో ఆ ఉన్ని టోపీ పడ్డ పాట్లు దేవుడికెరుక. కార్తీకం అన్న మాటే గానీ ఎండ చిటపటలాడుతోంది. ఎదురు సీటు ఆవిడ ఊరుకోలేదు.

"ఉక్కపోస్తోంది కదమ్మా, టోపీ తీసెయ్యి పిల్లాడికి."

"మంచు పడదండి వాడికి."

"మంచెక్కడుంది తల్లీ ఇప్పుడు?"

వాడు టోపీ లాగడం, నేను కిందకి దించడం. మా ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ మాకూ ఆయనకీ ఏ సంబంధం లేనట్టు కూర్చున్నారు. రేపల్లె స్టేషన్లో దిగగానే "మీరు పదండి, నేను పూలూ పళ్ళూ కొనుక్కుని వస్తా" అని మాయమైపోయారు. ఇంతకన్నా పిరికి మనిషిని మీరెక్కడైనా చూశారా?

మా అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మనవణ్ణి ఎత్తుకున్నారు, ముద్దులాడారు. "ఈ ఎండలో టోపీ ఏంటమ్మాయ్?" అంటూనే లాగేశారు. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏంటిది?"

నిజం చెప్పేద్దామని దారంతా కూడబలుక్కున్నాను. నోరు తెరిస్తే మాత్రం ఇంకోటి వచ్చింది.

"ఎలక కొరికింది అత్తయ్యా!"

"ఎలకా?"

"మా మేడ మీద ఎలకలు ఎక్కువండి. నిద్రపోతుంటే... జుట్టు..."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. పిల్లాణ్ణి గుండెకి అదుముకుని వీధిలోకి పరుగెత్తారు. "ఆటో! ఆటో! పిల్లాణ్ణి ఎలక కరిచింది!"

"కరవలేదు అత్తయ్యా! జుట్టు మాత్రమే..."

"నువ్వు చూశావా?"

"చూడలేదు."

"చూడకుండా కరవలేదని ఎట్లా చెప్తావ్? ఎక్కు ముందు!"

నా అబద్ధం నన్నే ఆటో ఎక్కించింది. పిల్లల డాక్టరు గారి దగ్గర వరండా నిండా జనం. "జరగండమ్మా, ఎలక కాటు!" అంటూ మా అత్తగారు దారి చేసుకుంటూ వెళ్ళారు. ఒకావిడ వంశీ తల పరీక్షగా చూసి, "ఇది ఎలక పని కాదమ్మా, పందికొక్కై ఉంటది. ఇంత మేసిందంటే!" అంది. ఇంకొకావిడ అందుకుని, "మా కాకుమానులో ఒకతన్ని ఇట్లాగే పందికొక్కు కొరికితే నెల్లాళ్ళు జ్వరం" అని బుగ్గలు నొక్కుకుంది. మా అత్తగారు పిల్లాణ్ణి ఇంకా గట్టిగా అదుముకున్నారు. నాకు వాళ్ళందరి నోళ్ళకీ ప్లాస్టర్లు వెయ్యాలనిపించింది.

డాక్టరు గారు కళ్ళద్దాలు సవరించుకుని తలంతా వెతికారు.

"గాటు ఎక్కడా కనబడ్డం లేదమ్మా."

"కనబడకుండా కరిచిందేమోనండీ" అన్నారు మా అత్తగారు. "మా కోడలు నిద్రలో ఉందట, చూడలేదట."

"అనుమానం ఉంటే సూది వేసెయ్యడమే మంచిదండి" అని ఆయన సూదిలోకి మందు ఎక్కించారు. సూది చూసి వంశీ గుక్కపట్టాడు. నా చెయ్యి పట్టుకుని "అమ్మా వద్దు, అమ్మా వద్దు" అని ఒకటే ఏడుపు. నా అబద్ధానికి వాడికి సూదా? పరువు పోతే పోనీ అనుకున్నాను.

"ఆగండి డాక్టరు గారూ!" అని అరిచాను. "ఎలక కాదండీ. నేను!"

ఆయన సూదిని చూశారు, పిల్లాడి తల చూశారు, నన్ను చూశారు. ఒక అడుగు వెనక్కి వేశారు.

"మీరు... కరిచారా అమ్మా?"

"కరవలేదండీ! కత్తిరించాను! కోపంలో!"

మా అత్తగారు నా వైపు తిరిగి పైనుంచి కింది దాకా చూశారు. చివరికి డాక్టరు గారితో నెమ్మదిగా అన్నారు.

"సూది ఎలక్కే వెయ్యండి డాక్టరు గారూ. ఇదుగో, చీర కట్టుకుని మీ ఎదురుగానే నుంచుంది."

ఆ వరండా నవ్వు ఆటో ఎక్కేదాకా వినిపించింది. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక చాప మీద కూలబడి కళ్ళొత్తుకున్నారు.

"ఆ నీలం లైటు కింద వాణ్ణి చూసి ఏం చెయ్యాలో తెలీక మొక్కుకున్నానే అమ్మాయ్. కత్తెర తగలనివ్వనని మాటిచ్చాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని గుళ్ళోకెళ్ళను?"

ఆ మాటకి నాకూ ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే దాని వెనకే కోపం కూడా వస్తుంది, ఏం చెయ్యను!

"తప్పేనండి. కానీ ఎన్నాళ్ళు ఆగాలి అత్తయ్యా? తొమ్మిదో నెల పోయింది, పదకొండో నెల పోయింది, మూఢం వెళ్ళాక మీ అబ్బాయి మర్చిపోయారు. మొన్న ఐదో ఏడు చేద్దామన్నారు. దువ్వేది నేను, తిట్లు తినేది నేను!"

మా అత్తగారు కళ్ళొత్తుకోవడం ఆపేశారు.

"మర్చిపోయాడా?"

"అవునండి."

"మీ తమ్ముడికి తీరుబడి లేదంటున్నావని కదా వాడు నాకు చెప్పింది! మూఢం వెళ్ళాక అడిగిన ప్రతిసారీ 'వాళ్ళ పుట్టింటి వాళ్ళకి కుదరట్లేదమ్మా' అనేవాడు!"

"నాకేమో ఓసారి సెలవు లేదనీ, ఓసారి మూఢమనీ చెప్పేవారండి!"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పెళ్ళయ్యాక మా ఇద్దరికీ ఒకే మనిషి మీద, ఒకే క్షణంలో, ఒకేలా కోపం రావడం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. బంతిపూల సంచితో, చంకలో అరటిపళ్ళ అత్తంతో, ఈల వేసుకుంటూ మా ఆయన లోపలికొచ్చారు.

"ఏంటి, అయిపోయిందా గొడవ?" అన్నారు.

మా అత్తగారు లేచారు. చెప్పులేసుకుని పూజారి గారింటికి వెళ్ళొచ్చారు. పూజారి గారు మంచివారు. పిల్లాడి తల మీద మిగిలినవీ పుట్టు వెంట్రుకలేనని, వాటిని ఇవ్వచ్చని చెప్పారట. పోయిన వాటికి బదులుగా ఇంట్లోంచి ఇంకొకరు నిండు తల ఇస్తే అమ్మవారు లోటు అనుకోదన్నారట.

"నిండు తలంటే గుండా?" అన్నాను, తెలియకుండానే చెయ్యి జడ మీదకి పోయింది.

"ఎవరో ఒకరు ఇవ్వాలిగా మరి" అన్నారు మా ఆయన జాలిగా, అద్దం ముందు నిలబడి పక్క పాపిడి సర్దుకుంటూ. ఆ రోజుల్లో ఆయనకి నుదుటి మీదకి వాలే జుట్టొకటి ఉండేది. ఆఫీసులో అందరూ మెచ్చుకునేవారని ఆయనే చెప్పేవారు. "పాపం, కత్తిరించిన వాళ్ళే ఇస్తే న్యాయంగా ఉంటుందేమో."

మా అత్తగారు నా జడ వైపు చూశారు. తర్వాత అద్దం వైపు చూశారు.

"కత్తిరించింది కోడలే" అన్నారు. "కత్తిరించేదాకా తెచ్చింది నువ్వు. రేపు పిల్లాడి తర్వాత పీట మీద కూర్చునేది నువ్వేరా."

"అమ్మా! సోమవారం ఆఫీసుకెలా వెళ్ళను?"

"ఉన్ని టోపీ ఉందండీ" అన్నాను నేను.

మర్నాడు బాపట్ల నుంచి వచ్చిన మా తమ్ముడు మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేశాడు. వంశీ ఏడవనేలేదు, కత్తెర వాడికి అప్పటికే అలవాటైపోయింది. వాడి తర్వాత వాళ్ళ నాన్న కూర్చున్నారు. ఏడుపు ఏదైనా వినిపించిందంటే అది ఆయనదే. తండ్రీ కొడుకుల గుండ్లకి గంధం పూస్తూ మా అత్తగారు మొదటిసారి నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు, అంత త్వరగా కోపం పోయే మనిషిని కాదు.

కాబట్టి ఆ అమ్మవారి సాక్షిగా, మా అత్తగారి సాక్షిగా, ఆ డాక్టరు గారి సూది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఉపవాసం ఉన్న రోజున కత్తెర ముట్టను. కోపంలో ఉండగా పసిపిల్లల జుట్టు జోలికి పోను. నేను చేసిన పనిని నోరులేని ఎలక మీదకి నెట్టను. ఈ ప్రమాణంలో మా ఆయన జుట్టు ప్రస్తావన ఎక్కడా లేదని ఆయన కూడా ఇది చదివి గమనించాలి.